ఎర్లాంగెన్‌ సంఘంలో పెద్దరికం

శనివారం పొద్దున ఆరుంబావుకి వోల్ఫ్స్‌బర్గ్ స్టేషన్‌ చేరాను. ఎర్లాంగెన్‌లో మా తెలుగు క్రైస్తవ సంఘం పన్నెండింటికి కూడుతుంది. ఇశ్రాయేలు రాజరికం, జ్ఞానం గురించి నేను అరగంట మాట్లాడాలి. ఆ తరవాత కొత్త సంఘ పెద్దని ఎన్నుకుంటారు. నన్నే అడుగుతారని ముందే చెవిన పడింది. ఆ పెద్దరికం నాకెంత కావాలో నా భార్య సునీతకి తప్ప ఎవరికీ తెలియదు. ఆశపడుతున్నానని తెలిస్తే పరువేం కావాలి?

గోటింగెన్‌లో బండి మారాలి. మాది ఇరవై నిమిషాలు ఆలస్యమై, ఎక్కాల్సింది కళ్ళముందే వెళ్ళిపోయింది. ఈ దారిన వచ్చేవాళ్ళకి చెబుతున్నాను: చవక టికెట్టయినా సరే, ఆలస్యం వాళ్ళదైతే తరవాతి బండి ఎక్కనిస్తారు, కంగారు పడకండి. నేను మాత్రం ప్లాట్‌ఫారం మీద కాలుగాలిన పిల్లిలా తిరిగాను.

ఎనిమిదిన్నర దాటాక దొరికిన బండిలో పక్కసీటు పెద్దావిడ నా కాగితాలు చూసి అవేమిటని అడిగింది. చెప్పాను.

"రాజులా? మాకూ ఉండేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళ కోటలకి టికెట్ పెట్టాం," అంది. నవ్వి, మళ్ళీ కాగితాల్లో తల దూర్చాను.

న్యూరెంబర్గ్‌లో లోకల్ బండి పట్టుకుని పదకొండూ ముప్పావుకి ఎర్లాంగెన్‌లో దిగాను. సైకిళ్ళని తప్పించుకుంటూ చర్చి హాలుకి పరుగు.

ప్రసంగం బాగానే సాగింది. చుట్టుపక్కల రాజ్యాల్లో రాజంటే దేవుడి కొడుకు. ఇశ్రాయేలు జనం మాకూ ఓ రాజు కావాలని పట్టుబడితే, మీ కొడుకుల్నీ పొలాల్నీ లాక్కుంటాడని ప్రవక్త హెచ్చరించాడు. ఈజిప్టు ఆస్థానాల్లో కుర్రాళ్ళకి నేర్పిన నీతులవంటివే ఇశ్రాయేలు సామెతల్లోనూ ఉన్నాయి. సొలొమోను మాత్రం తనకి జ్ఞానం కావాలని నోరు తెరిచి అడిగాడు. ఇవన్నీ చెప్పాను.

రెండింటికి హాలు ఖాళీ చెయ్యాలి. ఎన్నిక నడిపించేది ఆ చర్చి జర్మన్ పాస్టరుగారు. "మీరు పెద్దగా ఉంటారా?" అని ఇంగ్లీషులో అడిగారు.

"అయ్యో, నాకెందుకండీ, నాకంటే యోగ్యులున్నారు," అన్నాను, అదే ఇంగ్లీషులో. మూడుసార్లు బతిమాలించుకుని ఒప్పుకోవడం మావైపు మర్యాద.

"స్పష్టంగా చెప్పినందుకు థ్యాంక్స్," అని ఆయన నా పేరు కొట్టేసి, మాస్టర్స్ చదివే ప్రశాంతివైపు తిరిగారు.

"ఉంటాను," అంది ప్రశాంతి. అందరికంటే గట్టిగా నేనే చప్పట్లు కొట్టాను.

గుమ్మం దగ్గర ఆ పిల్ల ఆపింది. "అన్నా, మీకిష్టం లేదన్నారు కాబట్టే ఒప్పుకున్నా. లేకపోతే మా ఓట్లన్నీ మీకే."

మూడున్నర బండికి తిరుగు ప్రయాణం. ఎర్లాంగెన్ మంచి ఊరు, వెళ్ళి చూడండి. మనిషి ఏమంటే అది నమ్మేస్తారు.

వ్యూర్జ్‌బర్గ్ దాటాక సునీత ఫోను.

"ఏమైందండీ?"

"వద్దన్నాను."

"ఎన్నిసార్లు అడిగారు?"

"ఒక్కసారే."

సొరంగం వచ్చి ఫోను కట్టయింది. మంచిదే అయింది. నాకు ఏడుపొస్తోంది.