దూత లేని కోట

మా బడిలో చరిత్ర చెప్పే కోట మాస్టారికి ఒకటే పిచ్చి. మధ్యయుగాల గురించి ఏం చెప్పాలన్నా ముందు కోట కట్టాలి. బెంచీలు నిలబెడితే గోడలు. తలుపు మూసి బల్ల అడ్డం పెడితే కోటగుమ్మం. కళ్ల కోసం చిల్లులు పొడిచిన రేకు బకెట్టు తల మీద బోర్లిస్తే రాజుగారి శిరస్త్రాణం. పక్క గదిలో లెక్కలు చెప్పుకునే నాకు ఆయన యుద్ధాలన్నీ గోడలోంచి వినబడేవి. మా పిల్లలు ఏడో ఎక్కం మధ్యలో "దాడి!" అని అరిచేవారు.

కోట సరే, ఆ కోటలోకి రోజూ బయటినుంచి ఒక దూత రావాలి. ఆ వేషం ఎప్పుడూ ఒక సన్నపాటి పిల్లదే. చెప్పులు చేత్తో పట్టుకుని మా కిటికీ ముందునుంచి పరుగెత్తేది. ఎంత బాగా నటిస్తుందో అనుకునేదాన్ని.

"కుండలు చేసే పాఠంలో దూత ఎందుకండీ మాస్టారూ?" అని ఒకసారి అడిగాను.

"కుండ పగిలిందని రాజుగారికి ఎవరు చెప్తారు టీచరమ్మా?"

"మరి గొర్రెల బొచ్చు కత్తిరించే పాఠంలో?"

"గొర్రెలు వాటంతటవి చెప్పుకోలేవు కదా!"

"పోనీ, ప్రతిసారీ ఆ పిల్లేనా?"

"దూత పదవి వంశపారంపర్యం" అంది ఆయన తలమీది బకెట్టు. ఇంకేం మాట్లాడతాం!

చివరికి ఈ గోల మీద పైకి ఫిర్యాదు వెళ్లింది. నేను పంపలేదు, దేవుడే సాక్షి. పంపుదామని రెండుసార్లు అనుకున్నమాట మాత్రం నిజం.

ఇన్‌స్పెక్టరు వచ్చారు. "ఒక్క పాఠం చూస్తాను. నచ్చకపోతే రేపటినుంచి పుస్తకం తప్ప ఇంకేమీ ఉండకూడదు" అన్నారు. ఆయనకు తోడుగా నన్ను వెనక బెంచీలో కూర్చోబెట్టారు.

తొమ్మిది గంటలకు కోటగుమ్మం మూతపడింది. ఆ రోజు పాఠం ముట్టడి. గింజలు ఎన్నాళ్లొస్తాయో ఒకడు లెక్క చెప్పాడు. బావి ఎండితే ఏం చెయ్యాలో ఇంకొకమ్మాయి చెప్పింది. ఇన్‌స్పెక్టరు ముఖం కాస్త విచ్చుకుంది. నా ప్రాణం కుదుటపడింది.

"ఇక దూత వస్తుంది" అన్నారు మాస్టారు.

రాలేదు. పది నిమిషాలయింది. పావుగంటయింది. పిల్లలు తలుపు వంకే చూస్తున్నారు. ఇన్‌స్పెక్టరు హాజరుపట్టీ తెరిచి, తలలు లెక్కపెట్టి, మళ్లీ లెక్కపెట్టారు.

"ముప్పైమూడు హాజరన్నారు. ఇక్కడ ముప్పైరెండే ఉన్నారేం?"

"ఆ ఒక్కరూ దూతండీ. కోట బయట ఉన్నారు."

"ఎంతసేపు?"

"ముట్టడి కదండీ. ఒక్కోసారి ఏడాది పడుతుంది."

ఎవరూ నవ్వలేదు. అప్పుడు తట్టింది నాకు. మా బడిలో పదిసార్లు ఆలస్యమైతే పేరు కొట్టేస్తారు. పాఠంలో వేషం ఉన్నవాళ్లకు ఆలస్యమెక్కడిది? చల్లగా చూడు తండ్రీ అని లోలోపల దణ్ణం పెట్టుకున్నాను.

తలుపు మీద దబదబా చప్పుడు.

"ఎవరక్కడ?" అన్నారు మాస్టారు.

"దూతను!"

ఇన్‌స్పెక్టరు తనే లేచి, బల్ల జరిపి తలుపు తీశారు. చేతిలో చెప్పులు, భుజం మీద పసివాడు కక్కిన పాలచార, ఆయాసం.

"ఏం కబురు తెచ్చావమ్మా?"

కొత్త మనిషిని చూసి ఆ పిల్ల నటన మరిచిపోయింది. "అమ్మ మిల్లులో రాత్రి పని ముగించుకుని వచ్చింది సార్. తమ్ముణ్ణి ఎత్తుకుంది. నేను వచ్చేశాను."

"రోజూ ఇదే కబురా?"

"రోజూ ఇదే సార్."

ఇన్‌స్పెక్టరు హాజరుపట్టీ వంక చూశారు, బకెట్టు వంక చూశారు. పట్టీ మెల్లగా మూసేశారు.

"రాజుగారూ, కబురు మంచిదే కదా. ముట్టడి ఎత్తెయ్యండి. రేపు మళ్లీ వేసుకోవచ్చు."

పై ఏడాది ఆ పిల్లల మొదటి పీరియడ్ నాకు వచ్చింది. లెక్కల్లో కోట ఎక్కడినుంచి తేను? తొమ్మిదింటికి తలుపు మూసి, బోర్డు మీద లెక్కంతా చేసి, జవాబు చోటు ఖాళీగా వదిలేశాను.

"జవాబేది టీచర్?"

"కోట బయట ఉంది. దూత తెస్తుంది."

గోడ అవతల బకెట్టు మీద ఎవరో టంగుటంగుమని రెండుసార్లు కొట్టారు.