బావ నానబెట్టి వెళ్లిన లెక్క

నిన్న పొద్దున్న ఫోన్ వచ్చినప్పుడు నేను పళ్లు తోముకుంటున్నాను.

తవిటయ్య బావ పోయాడట. గుండె నొప్పట. శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనేనట.

నోట్లో పేస్టుతోనే "ఆ" అన్నాను. ఫోన్ పెట్టేశాక కూడా "ఆ... ఆ..." అంటూ పెరట్లోనే నిలబడ్డానట. అమ్మ చెప్పింది.

ముందురోజు సాయంత్రం మా అరుగు మీద కూర్చుని జంతికలు తిన్న మనిషి.

తెలియనివాళ్ల కోసం: బావ మా మేనమామ కొడుకు. ఎమ్మెస్సీ మ్యాథ్స్. కోటబొమ్మాళిలో ట్యూషన్ మాస్టారు. నేను బీటెక్ పాసయ్యానంటే కారణం బావే. ఆ నేరంలో నా పాత్ర చాలా తక్కువ.

ట్యూషన్‌లో ఒక రూల్ ఉండేది. సాల్వ్ చేసిన లెక్క ఒకటి చదవాలి. పుస్తకం మూసెయ్యాలి. బకెట్ పట్టుకుని వీధి చివర బోరింగు దాకా వెళ్లి నీళ్లు కొట్టుకుని రావాలి.

అప్పుడు ఆ లెక్క చూడకుండా చెయ్యాలి.

రాకపోతే మళ్లీ చదువు. మళ్లీ బకెట్.

"బోరింగు కాడికెల్లి వచ్చీసరికి మర్సిపోనావంటే అది నీకు రానేదురా బావా. పుస్తకానికొచ్చింది," అనేవాడు నాతో.

ట్రిగొనామెట్రీ నడిచినన్నాళ్లూ ఆ వీధికి నీళ్ల కరువు లేదు. మా మొద్దుతనం మోసిన నీళ్లతో పెళ్లిళ్లు కూడా జరిగాయి. ఎదురింటి ముసలమ్మ నన్ను చూస్తే చాలు, "ఒరే, నీకు అప్పుడే లెక్కలొచ్చీకూడదురా, నా గోలెం నిండనేదింకా" అనేది.

ఈ మధ్య బావ స్టూడెంట్ మా అమ్మ.

అమ్మ మా ఊరి అంగన్వాడీలో ఆయా. అక్కడ టీచర్ పోస్టు ఖాళీ అయింది. అప్లై చెయ్యాలంటే టెన్త్ పాసవ్వాలి. ఓపెన్ టెన్త్‌లో అన్నీ అయ్యాయి, లెక్కలొక్కటే మిగిలింది. పరీక్ష ఈ గురువారం. ఈసారి పోతే ఆ పోస్టు ఇంకెవరికో వెళ్లిపోతుంది.

ఇంట్లో బీటెక్ కొడుకుని పెట్టుకుని బావ దగ్గర ఎందుకు నేర్చుకుందని అడగకండి. నేను ఒకసారి చెప్పాను. ఆ రోజు ఇంట్లో వంట లేదు.

బావ పద్ధతి వేరు. తనే ఏమీ రానట్టు కూర్చునేవాడు.

"అత్తా, ఎక్స్ అంటే ఏటి? నాకు తెల్దు, సెప్పు."

"తెల్దా? నీకు ఎమ్మెస్సీ ఎవుడిచ్చినాడ్రా, సచ్చినోడా?"

అలా తిడుతూనే మొత్తం చాప్టర్ బావకి పాఠం చెప్పేసేది. గిన్నెలు తోముతున్నప్పుడు కూడా లెక్కని పైకి చెప్పుకోమనేవాడు. నోటితో చెప్పలేనిది చేత్తో రాయలేవనేవాడు.

అమ్మ ఎక్కడైనా ఆగిపోతే నాకు నోరు దురద. ఆన్సర్ చెప్పెయ్యాలి. బావ నా వైపు చూడకుండానే ఒక జంతిక తీసి నా నోట్లో కుక్కేవాడు.

"నమల్రా బావా. అత్తని ఆలోసించనీ."

అమ్మ లెక్కలు నేర్చుకుంది. నేను లావయ్యాను.

మొన్న సాయంత్రం వయసుల లెక్క. తండ్రి వయసు కూతురి వయసుకి మూడు రెట్లు. పన్నెండేళ్ల తర్వాత రెండు రెట్లు అవుతుంది. ఇప్పుడు ఎవరికెంత?

తండ్రికి పన్నెండు కలిపింది అమ్మ. కూతురికి కలపడం మర్చిపోయింది. పాపకి మైనస్ పన్నెండేళ్లు వచ్చాయి.

కాసేపు దాన్నే చూసి, "పుట్టనేదేమోరా ఇంకా" అంది.

నేను జంతికతో సహా నవ్వి పొలమారిపోయాను. బావ మాత్రం నవ్వలేదు. తప్పెక్కడో చెప్పలేదు కూడా.

"ఉండనీ అత్తా. మినపప్పు నానబెట్టినట్టు బుర్రలో నానబెట్టీసి తొంగో. రేపు సూద్దాం."

చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

బావకి పొందూరు ఖద్దరు చొక్కా ఒకటుంది. తన స్టూడెంట్‌కి పరీక్ష ఉన్నరోజే దాన్ని వేసుకుని సెంటర్ గేటు బయట నిలబడేవాడు, లోపల రాస్తున్నది తనే అన్నట్టు. గురువారం అమ్మ కోసం వేసుకుంటానని ఇస్త్రీ చేయించి పెట్టుకున్నాడు.

నిన్న బావకి అదే వేసి సాగనంపారు.

ఈ రోజు మధ్యాహ్నం బావ ఇంట్లో ఉన్నాం. జనం పలచబడ్డారు. బావ కూతురు చిన్ని, ఒకటో క్లాసు, మా అమ్మ ఒళ్లో నిద్రపోయింది. అమ్మ దాని జుట్టు సవరిస్తోంది. పెదాలు కదులుతున్నాయి. ఏదో దండకం అనుకున్నాను.

లెక్క.

"తండ్రి మూడు రెట్లు... పన్నెండేళ్లు పోతే..."

చెయ్యి ఆగింది. చిన్ని మొహంలోకి చూసింది.

"ఇదీ ఎదుగుతాది కదరా. దీనికీ పన్నెండు కలపాల."

దొరికేసింది. ఎవరూ చెప్పకుండానే. బావ ఉంటే ఇక్కడ నాకు ఇంకో జంతిక పెట్టి, తనొకటి తినేవాడు.

"కూతురికి పన్నెండు కలిపినాను. తండ్రికి..."

ఆగిపోయింది.

"తండ్రికి..."

అక్కడి నుంచి కదల్లేదు. మొన్న తండ్రికి టక్కున కలిపేసిన మనిషి.

నా వైపు చూసింది. ఆన్సర్ నాకు తెలుసు. నోట్లో జంతిక కూడా లేదు.

చిన్ని కాళ్ల మీదకి దుప్పటి లాగాను.

గురువారం అమ్మని సెంటర్‌కి నేనే తీసుకెళ్తాను. గేటు బయట నిలబడతాను. అంతకుమించి ఏం చెయ్యాలో నాకు తెలియట్లేదు బావా. అది నువ్వు నేర్పలేదు.

అక్కడ పైన ఎవరూ నిన్ను డౌట్లు అడక్కుండా, హాయిగా కాసేపు తొంగోనివ్వాలని దేవుణ్ణి బతిమాలుకుంటున్నాను.

ఉంటాను, బావా.