గుంత మూసిన మీటింగు

పంతొమ్మిదివందల ముప్పైలలో, అప్పటి కర్నూలు జిల్లా మార్కాపురంలో, ఒక పెద్ద పలకల కంపెనీలో నేను రైటరు పని చేసినాను. దొర ఇంగ్లీషును మేస్త్రీలకు తెలుగులో, వాళ్ల తెలుగును దొరకు ఇంగ్లీషులో చెప్పి, చివర మినిట్సు రాయాలి. మినిట్సంటే మీటింగులో తేలిన సంగతుల కాగితం. మాట్లాడేది గంటలు, రాసేది మినిట్సు. జీతం కూడా ఆ లెక్కనే ఇస్తున్నారని సరిపెట్టుకునేవాణ్ణి.

మేనేజరు దొర మంచివాడు. మేస్త్రీలను అడగనిదే ఏ పనీ చేసేవాడు కాదు. ఆ సోమవారం అజెండాలో, అంటే మాట్లాడాల్సిన వాటి వరసలో, ఒకటే ఉంది: కొనకనమిట్ల దోవలో ఏసోబు మేస్త్రీ నడిపే పలకరాయి గుంతలో నీళ్లూరుతున్నాయి, మూసేద్దామా? మూస్తే ఏసోబుకూ, అతన్ని నమ్ముకుని రాయి తీసేవాళ్లకూ పని పోతుంది.

దొర అడిగినాడు. నేను తెలుగులో చెప్పినాను. అందరూ పెద్దమేస్త్రీ ఓబులయ్య వైపు చూసినారు. ఆయన మాట్లాడందే ఇంకొకరు మాట్లాడరు, అది అక్కడి మర్యాద. ఆయన తలపాగా సర్దుకుని నేల చూసినాడు. దొర మళ్లీ అడిగినాడు. పలకల కంపెనీలో పలికేవాడే లేడు.

“అయితే అందరికీ సమ్మతమే” అని దొర లేచినాడు. అదే రాసినాను.

అసలు మీటింగు బయట కానుగ నీడలో మొదలైంది.

“ఏంది ఓబులన్నా, ఒక్క మాటన్నా అనకపోతివి?” అన్నాడు ఏసోబు. “ఎండలు ముదిరితే నీళ్లు దిగిపోతాయని నీకు తెలీదా?”

“నీ గుంతకు నువ్వే నోరు తెరవకపోతే నేనెట్ల తెరిచేదిరా? నిన్ను దాటుకొని చెప్తే బాగుంటాదా?”

“నువ్వు చెప్పకముందు, నీ ఎదురుగా, నేనెట్ల చెప్తా?”

“భలే మర్యాదస్తులు దొరికినారు ఇద్దరూ!” అన్నాడు ఇంకో మేస్త్రీ. ఎవరూ నవ్వలేదు.

పరుగున పోయి దొరతో చెప్పినాను. గుంత మూస్తున్నామని అప్పటికే కంపెనీ మద్రాసు ఆఫీసుకు తంతి పోయింది. ఆయన ఆపమని ఇంకో తంతి ఇచ్చినాడు. అందరూ ఒప్పుకున్నదాన్ని తిరగదోడవద్దని జవాబొచ్చింది.

“నేను రెండుసార్లు అడిగినాను గదా?” అన్నాడు దొర.

“అడిగినారు దొరా.”

ఏసోబు తనవాళ్లతో గిద్దలూరు అడవిలో కట్టె కొట్టే పనికి పోయినాడు. వేసవికి గుంతలో నీళ్లు దిగినాయి. రాయి తీసేవాళ్లే లేరు.

మీటింగులో మౌనం ఒప్పుకోలు కాదనీ, ఎదుటివాడు ముందు మాట్లాడాలని ఎవరికివారు కాచుకోవడమనీ నాకు తెలిసింది అప్పుడే. తరువాతి మీటింగు నుంచి దొర కూడా అడిగే వరస తిరగేసినాడు: అందరికన్నా చిన్న మేస్త్రీని ముందు, ఓబులయ్యను చివర అడగడం. చిన్నవాళ్లకు చెమటలు పట్టినా మెల్లగా మాటలు వచ్చినాయి.

తన వంతు రాగానే ఓబులయ్య, “ఈ పద్ధతేదో అప్పుడే పెట్టింటే ఏసోబుగాడు ఈడనే ఉండేవాడు” అన్నాడు.

నేను ఇంగ్లీషులో చెప్పబోతే దొర చెయ్యెత్తి ఆపినాడు. ఆయనకు అర్థమైంది.