విజిల్ మాస్టారింట్లో సారె బుట్ట

ఆ రోజుల్లో ఫుట్‌బాల్ చూడాలంటే ఆట తెలిస్తే చాలదు, అబద్ధమాడటం కూడా తెలియాలి. నేను అప్పుడే సాలూరులో ఒక లారీ బుకింగ్ ఆఫీసులో గుమాస్తాగా చేరాను. ఆ ఏడాది ప్రపంచ కప్పు తూర్పు దేశాల్లో జరగడంతో ఆటలన్నీ మనకి పట్టపగలే, సరిగ్గా ఆఫీసు వేళకే వచ్చేవి. ఎదురుగా ఉన్న టీ కొట్టులో టీవీ ఉండేది. "బండి చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయిందట, కనుక్కుని వస్తాను" అని ఓనరుగారికి చెప్పి జారుకునేవాణ్ని. (సాలూరు బండి ఏదో ఒకటి ఎక్కడో ఒకచోట ఆగే ఉంటుంది కాబట్టి అది పూర్తిగా అబద్ధం కాదని నా లెక్క.) మూడో వారంలో ఆయన కళ్ళజోడు పైనుంచి చూసి, "ఒరే, మూడు వారాలబట్టీ ఆ బండి కదలదేట్రా? చెక్‌పోస్టోడు గాని టీ కొట్టు పెట్టీసినాడేటి?" అన్నారు.

ఆ నెలలోనే నా పెళ్ళి అయింది. పిల్ల కళింగపట్నంలోని మా మేనమామ కూతురు. నా పిచ్చి తెలిసే చేసుకుంది. తుది ఆట ఆదివారం సాయంత్రం నాలుగున్నరకి. సరిగ్గా ఆ రోజే ఆమె సారెతో మా ఇంటికి వచ్చింది. మా వైపు సారె మిఠాయిలు వీధిలో ప్రతి గడపకీ పంచాలి. ఒక్క గడప తప్పినా "ఆ పిల్ల ఉత్త చేతుల్తో వచ్చింది" అంటారు. ఆ మాట మనవలు పుట్టేదాకా పోదు. ఇంట్లో టీవీ ఉన్న గది నిండా చుట్టాలు, టీవీ మీద వాళ్ళ సంచులు. కొత్త పెళ్ళికొడుకు వాటిని దింపమని ఎలా అడుగుతాడు? ఆలోచించి, "బుట్ట నేను పట్టుకెళ్తానమ్మా" అన్నాను. ముప్ఫై ఇళ్ళు, గడపకో నిమిషం ఆట చూసినా చాలు కదా.

"మగోడివి, సారె పంచుతావేట్రా?" అని అమ్మ నా ముఖంలోకి చూసింది. "సర్లే. ముందు మీ పెద్దమ్మింటికెల్లు. ఆవిడి తరవాతే ఎవులైనా."

పెద్దమ్మ ఇల్లు మూడోది. నేను వీధిలోకి దిగానో లేదో చివరి ఇంట్లోంచి విజిల్ వినబడింది. అది రిటైరైన డ్రిల్ మాస్టారి ఇల్లు. ఆయన టీవీలో ఆటకి కూడా తనే విజిల్ ఊదేవారు. నా కాళ్ళు పెద్దమ్మ ఇంటిని దాటిపోయాయి. లోపల ఏడుగురు డ్రైవర్లు చాపల మీద కూర్చుని ఉన్నారు. బుట్ట గుమ్మం పక్కన పెట్టి, రెండు నిమిషాలే అనుకుని కూర్చున్నాను.

ఇక్కడ మాస్టారి భార్య తప్పేమీ లేదు. సారె పంచేవాళ్ళు గడప దగ్గర ఇచ్చి వెళ్ళిపోతారు. చాప మీద చతికిలబడరు. మనిషి కూర్చున్నాడంటే బుట్టంతా తమ ఇంటికే వచ్చిందని ఆమె అనుకుంది. ఇత్తడి పళ్ళెంలోకి వంచి అందరికీ పెట్టింది. నా చేతిలోనూ ఒక లడ్డు పెట్టింది. నేను తెర మీంచి చూపు తిప్పకుండా తిని, "చాలా బాగుందండి, ఎక్కడిది?" అన్నాను.

"మీ ఆడదానిదే, బాబూ" అంది.

ఆ మాట నాకు సగం ఆట అయ్యాక అర్థమైంది. గోలు లేదు, లడ్డూ లేదు. సారె తెచ్చిన బుట్ట ఖాళీగా పంపకూడదని ఆమె దాన్నిండా బియ్యం పోసి ఉంచింది.

ఇంటికి వెళ్ళేసరికి అరుగు మీద పెద్దమ్మ. "ఏరా, మా కోడలి సారె మా గడప గుర్తట్టనేదేటి?" అంది. అమ్మ బుట్టలో చెయ్యి పెట్టి గుప్పెడు బియ్యం తీసి చూసింది. నా భార్య నన్ను పెరట్లోకి పిలిచి, "బావా, నిజం సెప్పు. ఎవులింట్లో కూకున్నావు?" అంది. చెప్పాను. తిట్టలేదు. మా ఆఫీసు వాళ్ళకి ఇమ్మని మావ విడిగా పెట్టిన లడ్డూల డబ్బా తెచ్చి బుట్టలో పోసి, నాతోపాటు తనూ బయల్దేరింది.

పెద్దమ్మ మాకంటే ముందే వెళ్ళి తన గడపలో నిలబడి ఉంది. ఆవిడ తిట్లు మొదలుపెట్టగానే వీధి చివర విజిల్ ఆగకుండా మోగింది. గోలు! నేను తల వంచుకునే ఉన్నాను గాని, కాళ్ళు కదిలినట్టున్నాయి. నా భార్య చెవి దగ్గరగా వచ్చి, "ఎల్లు బావా. పెద్దత్తతో నాను మాటాడతాను. బుట్ట మాత్రం ఇక్కడెట్టీసి ఎల్లు" అంది.

రెండో గోలు చూశాను. ఆమె ఒక్క గడప కూడా తప్పకుండా పంచి వచ్చింది. మర్నాడు ఓనరుగారు "లడ్డూలేవిరా?" అంటే, అలవాటుగా "చెక్‌పోస్టు దగ్గర..." అని మధ్యలో ఆపుకున్నాను.

తర్వాత ఇరవై ఏళ్ళు మా ఇంట్లో ఆటకి అనుమతి ఆ మాటే. నా చేతిలో ఏడుస్తున్న పిల్లాడున్నా, లారీ రసీదుల కట్ట ఉన్నా, "బుట్ట ఇక్కడెట్టీసి ఎల్లు" అనేది.

ఆమె పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు ఆట చూడటానికి ఎవరికీ ఏమీ చెప్పనక్కరలేదు. అయినా మొన్న ఆట మొదలయ్యే వేళకి కూరల సంచి పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడిపోయాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. చివరికి నాకే నవ్వొచ్చి, సంచి అక్కడే పెట్టి వెళ్ళాను. అప్పటికే ఒక గోలు అయిపోయింది.