నాయన నోటుబుక్కుల్లో ఓడదొంగలు

పోయిన నెల నెల్లూరు నుంచి గూడూరు వస్తుంటే చిల్లకూరు దగ్గర హైవే పక్కన, టీకొట్టు ముందు మా బస్సు ఆగింది. పాత ఓడతాళ్ళను చుట్టలు చుట్టి నింపుకున్న లారీ ఒకటి వచ్చి పక్కనే నిలబడింది. గ్రీజు, డీజిలు, ఉప్పునీళ్ళలో నానీ నానీ ఎండిన పీచు, అన్నీ కలిసిన ఆ వాసన తగలగానే టీ గ్లాసు బల్ల మీద వదిలేసి లారీ దగ్గరికి నడిచాను. బడిలో పాఠాలు చెప్పుకునే, పాతికేళ్ళు దాటిన మనిషిని. అయినా ఆ వాసనకు నాలో ముందు సంతోషం లేస్తుంది, దాని వెనకే భయం లేస్తుంది. సెలవుకు ఇంటికొచ్చిన మా నాయన బట్టల సంచీలోంచి వచ్చే వాసన అది.

నాయన సరుకుల ఓడల్లో ఫిట్టరు. ఇంజన్ గదిలో పగిలిన పైపులు అతకడం, పట్టేసిన వాల్వులు విప్పడం ఆయన పని. తొమ్మిది నెలలు నీళ్ళ మీద ఉంటే మూడు నెలలు ఇంట్లో ఉండేవాడు. మా ఇల్లు మనుబోలు నుంచి తూర్పుకు పోయే రోడ్డు చివర, సరుగుడు తోటల పక్కన, అలల హోరు వినపడేంత దూరంలో ఉండేది. ఆయన వచ్చేది ఎక్కువగా తుఫాను వానల రోజుల్లో, క్రిస్మస్ ముందు. అమ్మ గులాబీ పూల అచ్చును కాగే నూనెలో ముంచి తీస్తుంటే, నాయన తల్లి మా అవ్వ, దారంతో కట్టుకున్న కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని బైబిలు చదువుకుంటుంటే, బయట పెరట్లో నీళ్ళు మోకాటి దాకా నిలబడి కప్పలు అరుస్తుంటే, నాయన తన నోటుబుక్కులు తీసేవాడు.

అవి మూడు పొడుగాటి నోటుబుక్కులు. ఓడ ఏ రేవులో ఆగినా ఆయన పాత పుస్తకాల కొట్లు వెతుక్కుంటూ పోయి ఓడదొంగల చరిత్రలు, పాతకాలపు నావికుల కథలు కొనుక్కునేవాడు. ఇంగ్లీషు అంతంతమాత్రం కావడంతో ఒక్కొక్క మాటకూ డిక్షనరీ చూసుకుంటూ, డ్యూటీ దిగాక తన బంకు మంచం మీద కూర్చుని, తెలుగులో గుండ్రటి అక్షరాలతో రాసుకునేవాడు. పాతకాలం ఓడల్లో తిన్న పురుగుల రొట్టెలు, నిమ్మకాయలు లేక చిగుళ్ళు కుళ్ళి చచ్చిపోయిన నావికులు, తప్పు చేసినవాణ్ణి స్తంభానికి కట్టి కొట్టే కొరడా ఎన్ని పాయలుగా ఉండేదో, ఏ జెండా ఎగరేస్తే లొంగిపొమ్మని, ఏ జెండా ఎగరేస్తే ఎవరినీ ప్రాణాలతో వదలబోమని అర్థమో, అన్నీ ఉండేవి అందులో. జెండాల బొమ్మలు స్కెచ్ పెన్నుతో తనే వేసేవాడు. ఓడదొంగలు తమ కెప్టెన్ను చేతులెత్తి ఎన్నుకునేవాళ్ళని, నచ్చకపోతే దింపేసేవాళ్ళని చెప్పేటప్పుడు ఆయన ముఖం వెలిగిపోయేది.

నాకేమో భయం. వింటున్నంతసేపూ అవ్వ చీరకొంగు వేలికి చుట్టుకుంటూ వినేదాన్ని. గాలికి సరుగుడు చెట్లు ఈల వేస్తే తెరచాపలు విప్పుతున్నారనుకునేదాన్ని. మధ్యాహ్నం వేళ కూడా ఒంటరిగా రేవుకు పోయేదాన్ని కాదు. అయినా మర్నాడు వాన తెరిపిస్తే చాలు, వీధి పిల్లల్ని పోగేసి, బోర్లించిన తెప్ప ఎక్కి ఓడదొంగలాట ఆడించేది నేనే.

"పిల్లదానికి ఈ దొంగల కతలేందిరా, దేవుని మాట చెప్పకుండా?" అని అవ్వ విసుక్కునేది.

"వాళ్ళూ మనుషులే గదమ్మా," అనేవాడు నాయన.

నాకు పదేళ్ళప్పుడు, క్రిస్మస్ అయిపోయి ఆయన సంచీ సర్దుకుంటున్న రోజు అడిగాను. "నాయనా, ఓడదొంగలు ఇప్పుడు కూడా ఉండారా?"

మడత పెట్టిన చొక్కాను ఆయన విప్పి మళ్ళీ మడత పెట్టాడు. "ఉండారు. అయితే మా ఓడ మూడంతస్తుల మేడంత ఉంటది. దాన్ని యాడెక్కతారు వాళ్ళు?"

అది అబద్ధమని రెండు నెలల తర్వాత, ఆయన ఇంట్లో వదిలిపోయిన నోటుబుక్కే నాకు చెప్పింది. సరుకు నిండిన ఓడ నీళ్ళలోకి కుంగి ఉంటుందని, కొక్కేల నిచ్చెన ఒక్కటి తగిలిస్తే చాలని మూడో పుస్తకంలో ఆయనే రాసుకున్నాడు. నేను ఆ పేజీ చదివేసరికే నాయన ఓడను ఆఫ్రికా తీరం దగ్గర ఓడదొంగలు పట్టుకున్నారు. ఆదివారం చర్చి నుంచి వస్తుంటే ఓడ కంపెనీ వాళ్ళ మద్రాసు ఆఫీసు నుంచి అమ్మకు ఫోనొచ్చింది. చిన్న పడవల్లో తుపాకులతో వచ్చారని, ఓడను తమ తీరానికి తోలుకుపోయారని, అందరూ ప్రాణాలతోనే ఉన్నారని, వదలాలంటే డబ్బు అడుగుతున్నారని చెప్పారు. అమ్మ రోడ్డు మీదే నిలబడి ఆ మాటలన్నీ మళ్ళీ చెప్పించుకుంది.

ఆ తర్వాత రోజులు ఎట్లా గడిచాయో ఒక వరుసలో గుర్తు లేదు. ఎండలు ముదిరాయి. అవ్వ పగలు అన్నం మానేసి ఉపవాస ప్రార్థనలు పట్టింది. అమ్మ చేపల పులుసు కాచడం మానేసింది. నేను బడి నుంచి రాగానే నాయన పుస్తకాలు ముందేసుకునేదాన్ని. పట్టుబడినవాళ్ళను ఓడదొంగలు ఏం చేసేవాళ్ళో, ఎంతమంది తిరిగొచ్చారో వెతికేదాన్ని. నాయన ఏదీ దాచకుండా రాసుకున్నాడు. చదివే కొద్దీ భయమేసేది. చదవకుండా ఉంటే ఇంకా భయమేసేది.

రెండో నెలలో ఒక మధ్యాహ్నం అమ్మ పెరట్లో బట్టలుతుకుతుంటే ఫోను మోగింది. నేనెత్తాను. ముందు గాలి హోరు, తెలియని భాషలో ఎవరో గద్దిస్తున్న గొంతు, ఆ తర్వాత నాయన.

"ఎవురు, రూతా?"

"నాయనా!"

"భయపడొద్దు బిడ్డా. నా మాట జాగర్తగా ఇను. వీళ్ళకి మన మాటలు తెలీవు. ఏడుపైతే తెలుస్తది. నువ్వు గట్టిగా ఏడువు, వీళ్ళకి ఇనపడాల. ఇంట్లోవాళ్ళు ఏడిస్తే కంపెనీ డబ్బు కడతాదని వీళ్ళ లెక్క. నువ్వు ఏడిస్తే చాలు, నన్ను వదిలేసి ఫోను కాడికి ఇంకొకర్ని పిలస్తారు."

నోరు తెరిచాను. గొంతులోంచి గాలి కూడా రాలేదు.

"ఏడువమ్మా," అన్నాడు నాయన. మళ్ళీ, ఇంకా మెల్లగా, "రూతా, ఏడువు బిడ్డా," అన్నాడు.

అవతల దబ్బుమని చప్పుడైంది. నాయన నోట్లోంచి సగం మూలుగు వినపడింది. ఫోను కట్టయింది.

పెరట్లోంచి పరుగెత్తుకొచ్చిన అమ్మకు, నాయన బాగున్నానన్నాడని మాత్రమే చెప్పాను. నా వల్లే నాయనను చంపేసుంటారని అనుకున్నాను. ఆ మాట పైకి చెబితే నిజమైపోతుందని ఎవరికీ చెప్పలేదు. మళ్ళీ ఫోనొస్తే ఈసారి తప్పు జరగకూడదని, రోజూ బడి నుంచి వస్తూ సరుగుడు తోటలోకి పోయి, నరికిన మొద్దుల వెనక నిలబడి గట్టిగా ఏడవడం నేర్చుకునేదాన్ని. మొదట్లో పిల్లి కూతలా వచ్చేది. గొంతు బొంగురుపోయేదాకా ఏడ్చేదాన్ని.

అక్కడే ఒక రోజు పుల్లలేరడానికొచ్చిన అవ్వకు దొరికిపోయాను.

"ఏందిమే, ఎవురు కొట్టినారు నిన్ను?"

చెప్పాను, ఫోను సంగతి మొత్తం. అవ్వ మోపు దించి ఇసకలో చతికిలబడింది. తిట్టలేదు, ఊరడించనూ లేదు. "అట్టా కాదు, ఇట్టా," అని గుండె మీద చెయ్యేసుకుని రాగం తీసింది. చావు ఇంట్లో ఆడవాళ్ళు తీసే రాగం. రెండు చరణాలయ్యాక చటుక్కున నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "వద్దులే. బతికున్నోడికి ఇట్టా ఏడవగూడదు," అంది. ఇద్దరం ఆ ఇసకలోనే పొద్దు వాలేదాకా కూర్చున్నాం. అవ్వ అమ్మకు ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. మళ్ళీ ఫోనూ రాలేదు.

ఏడో నెలలో, కంపెనీ డబ్బు కట్టాక ఓడను వదిలారు. నాయన ఇంటికొచ్చినప్పుడు జుట్టంతా తెల్లబడి, చొక్కా భుజాల మీంచి జారిపోతూ, ఆసుపత్రి సబ్బు వాసనతో వచ్చాడు. ఊరంతా వాకిట్లోకి వచ్చినా నేను వంటింటి తలుపు వెనక నుంచి కదల్లేదు. మూడు రోజులు ఆయన ముందుకు పోలేదు. నాలుగో రోజు ఆయనే వచ్చి నా పక్కన గోడకానుకుని కూర్చున్నాడు.

"నేను ఏడవలేదని నిన్ను కొట్టినారా నాయనా?"

"ఆ సప్పుడా? వాడు బల్ల మీద గుద్దినాడు. అంతే."

నమ్మాను. పదేళ్ళ పిల్లకు నమ్మడమే కావాలి.

ఆయన మళ్ళీ ఓడ ఎక్కలేదు. రేవు దగ్గర రేకుల షెడ్డు వేసుకుని పడవల ఇంజన్లు బాగు చేయడం మొదలుపెట్టాడు. పుస్తకాలు చదవడం మాత్రం కొన్నాళ్ళకు మళ్ళీ మొదలైంది. మూడో నోటుబుక్కు చివర ఒక్క వాక్యం కొత్తగా చేరింది: "భయం గురించి ఈ పుస్తకాల్లో ఎవరూ సరిగా రాయలేదు." కథలు చెప్పడం మాత్రం అంతటితో ఆగిపోయింది.

పెద్దయ్యే కొద్దీ నాకు ఒక సంగతి అర్థమవుతూ వచ్చింది. ఎడమ పక్కన కూర్చున్నవాళ్ళు పిలిస్తే నాయన పలకడు. చర్చిలో ఎప్పుడూ ఎడమ గోడ వారగానే కూర్చుంటాడు. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

లారీని చూసిన తర్వాతి ఆదివారం నాయన షెడ్డుకు పోయాను. అవ్వ ఇప్పుడు లేదు. మేము ఎక్కి ఆడుకున్న తెప్పలు లేవు, వాటి చోట ఫైబరు పడవలు నీలం రంగులో మెరుస్తున్నాయి. సరుగుడు తోటను కొట్టేసి రొయ్యల గుంటలు తవ్వారు, గాలి ఈల వేయడానికి చెట్టే లేదు. అక్కడి పిల్లల్ని అడిగాను, ఓడదొంగలాట ఒక్కరికీ తెలియదు. నాయనకు ఎడమ పక్కనున్న స్టూలు మీదే కూర్చుని, ముందుకు వంగి, పదేళ్ళప్పుడు ఒకసారి అడిగి ఇన్నేళ్ళు నోట్లోనే పెట్టుకున్న మాట మళ్ళీ అనేశాను.

"నాయనా, ఆ పొద్దు నేను ఏడవలేకపోయినా. అందుకే గదా నిన్ను కొట్టినారు?"

ఆయన తుడుస్తున్న పంపును కింద పెట్టాడు. "ఇంకా మోస్తాండావా దాన్ని?" అన్నాడు. చేతిలో గుడ్డను మోకాలి మీద పరిచి మళ్ళీ అన్నాడు, "నువ్వు ఏడిచుంటే నేనూ ఏడిచేసేవాణ్ణి. అన్ని నెలలూ వాళ్ళ ముందర ఏడవకుండా నిలబడినా. నువ్వు గమ్మునుంటివి, నేనూ గమ్మునుంటి. ఆ ఓడలో నాకు మిగిలింది అదొక్కటే."

అప్పుడొచ్చింది నాకు ఏడుపు. వల అల్లుకుంటున్నవాళ్ళు తలలు తిప్పి చూసేంత గట్టిగా వచ్చింది. నాయన గ్రీజు చేతులు గుడ్డకు తుడుచుకుని, నా మోచెయ్యి పట్టుకుని లేపి, స్టూలును తన కుడి వైపుకు జరిపాడు.

"ఈ పక్కకొచ్చి ఏడువు బిడ్డా. ఆ చెవికి ఇనపడదు."