సైలస్ పట్టుకెళ్ళిన సీసాలు

వజ్రపుకొత్తూరు దగ్గరి ఆ పల్లెలో సైలస్ అంటే ఎవరూ పోల్చుకోరు, సీసాల సైలస్ అనాలి. పరగడుపున పట్టిన మూత్రం చిన్న సీసాల్లో ఇంటింటా తీసుకుని, ఐసు పెట్టెలో సర్ది, పలాసలో రైలెక్కి విశాఖలోని ఒక ల్యాబుకి చేర్చడం అతని పని. ఉద్దానానికి ఇలాంటి వాళ్ళు కొత్త కాదు. నీళ్ళు పట్టుకుపోయారు, మట్టి పట్టుకుపోయారు, నెత్తురూ పట్టుకుపోయారు. కిడ్నీలు ఎందుకు పోతున్నాయో చెప్పడానికి తిరిగొచ్చిన మహానుభావుడు ఒక్కడూ లేడు.

అయినా ఆ ల్యాబులోని ఎన్.ఎం.ఆర్. యంత్రాన్ని సైలస్ నమ్మాడు. నిలువెత్తు అయస్కాంతం అది. దగ్గరికెళ్ళాలంటే గడియారం, ఫోను బయట పెట్టాల్సిందే. సన్నటి గాజు గొట్టంలో మూత్రం పోసి దించితే, అందులో ఏ పదార్థం ఎంతుందో గీతలుగా లేస్తుంది. రక్తపరీక్షకి అందని రోజుల్లోనే జబ్బు ఆ గీతల్లో దొరకొచ్చని ల్యాబులో ఫణీంద్ర సార్ చెప్పాడు. సైలస్‌కి అంతకన్నా ఏం కావాలి? భార్య దోర్కాస్ ఆర్నెల్లుగా నీరసంగా ఉంటోంది. ఆమె సీసా కూడా పెట్టెలో పెట్టాడు.

వాళ్ళ వీధి ఆడవాళ్ళు తొమ్మిదిమందీ బాగున్నారని కబురొచ్చింది. ఆదివారం చర్చిలో సైలస్ లేచి నిలబడి కళ్ళనీళ్ళతో సాక్ష్యం చెప్పాడు. దోర్కాస్ తల ఎత్తలేదు. ఇక ఆస్పత్రి ఊసు అతను మానేశాడు.

నాలుగు నెలలకి ఫణీంద్ర ఫోన్ చేశాడు.

"సైలస్, మీ వీధి గీతలు పక్కపక్కన పెట్టి చూశాం. తొమ్మిదీ అచ్చు ఒకటే. అన్నిట్లోనూ జ్వరం బిళ్ళ ఆనవాళ్ళు ఒకే కొలతలో ఉన్నాయి. ఇదంతా ఒక్క మనిషిదయ్యా!"

సైలస్‌కి గుర్తొచ్చింది. సీసాలు తీసుకున్న నాటి ముందు రాత్రి జ్వరం బిళ్ళ వేసుకున్నది పక్కింటి వనజ. కొని తెచ్చిచ్చింది తనే.

ఇంటికొచ్చేసరికి దోర్కాస్ మంచం మీద ఉంది. పాదాలు ఉబ్బాయి. అడిగితే దాచలేదు.

"అందరం వనజ దగ్గరే పోయించుకున్నాం. కిడ్నీ అని తెలిత్తే జీడి ఫ్యాక్టరీలో పన్లోకి రానివ్వరు. అలాగే మన ఊరి సీతారత్నాన్ని పన్లోంచి తీసేనేదేటి?"

"నాతోనైనా సెప్పొద్దేటే?"

"సెప్తే నువ్వు నా పేరు ల్యాబోల్లకి రాసెత్తావు మావా."

నిజమే, రాసేసేవాడు. ఒక్క పేరు కూడా దాచడని ల్యాబులో అతనికి పేరు. అంత నిజాయితీపరుడైన మొగుడికి భార్య భయపడి బతికిందని తెలిసి అతనికి తనమీద తనకే రోత పుట్టింది.

మర్నాడు ఆమెని పలాస ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. నాలుగు నెలల ముందొస్తే కొన్నాళ్ళు మందులతో నెట్టుకొచ్చేవాళ్ళమని డాక్టరు కసిరాడు. డయాలసిస్‌కి పేరు రాయించమన్నాడు. దోర్కాస్ అతని చొక్కా పట్టుకుని లాగింది.

"నా పేరు రాయించకు మావా, నీకు దణ్ణం పెడతాను."

రాయించకపోతే మనిషే దక్కదు. రాయించాడు. సోమవారం ఫ్యాక్టరీ మేస్త్రీ కబురు పంపాడు, దోర్కాస్‌ని ఇక రావద్దని.