టవర్ మీద తెల్ల తువ్వాలు

మధ్యాహ్నం రెండింటికి ఓడ దిగాం. డెబ్బై ఒకటి యుద్ధం అయిన మరుసటి ఏడు, జూన్ నెల. అండమాన్‌లో ఒక చిన్న దీవి. ఒక పక్క ఇసుక తీరం, ఇంకో పక్క రేవు, దాని వెనక జాలర్ల ఊరు. మేం ఎనిమిది మంది సిపాయిలం. తలా ఒక రైఫిల్, రెండు జతల బట్టలు, ఒక రెయిన్‌కోటు. రెయిన్‌కోటు వారం తిరక్కుండానే చిరిగింది.

మాది కొరాపుట్ కొండల్లో లమ్తపుట్. నాన్న కొండ సంతలకు ఉప్పు, ఎండు చేపలు మోసుకెళ్లి అమ్మేవాడు. ఆ వాసనలోనే పెరిగినా సముద్రాన్ని చూడ్డం అదే మొదటిసారి. నాకు నచ్చలేదు. అన్ని నీళ్లలో కాలు ఆనే చోటే కనిపించలేదు.

తీరాన చెక్క టవర్. ఉదయం ఆరు నుంచి పది దాకా కాపలా నాది. పరాయి నౌక కనిపించినా, పడవకు ఆపద వచ్చినా రేడియోలో చెప్పాలి. రేవులో లాంచీ సిద్ధంగా ఉంటుంది. గంటకోసారి లాగ్‌బుక్‌లో రాయాలి.

జాలర్లలో సగం మంది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లే. నా యాస వినగానే వాళ్లలో సూరన్న అనే అతను నన్ను ఇంటికి లాక్కుపోయాడు. అతని భార్య నూకరత్నం నాకు అక్క అయింది, అతను బావ. ఆదివారం వాళ్లింట్లోనే చేపల పులుసు.

"కొండోడివి, ముల్లు తీసి పెట్టాలేటి?" అనేది అక్క.

"ఓ పాలి నా పడవెక్కు బామ్మర్దీ," అనేవాడు సూరన్న.

"నాను టవర్ మీంచే సూస్తాను బావా."

ఒకసారి మా ఇంటి ఆనవాయితీ చెప్పాను. నాన్న ఎదుటి కొండెక్కాక కర్రకు తువ్వాలు కట్టి ఎత్తేవాడు. చేరాను, భయం లేదు అని. కింద నుంచి మేం చేతులూపేవాళ్లం. సూరన్న పగలబడి నవ్వాడు.

ఆగస్టులో ఒక ఉదయం. వాన వెలిసింది. పడమటి గాలి, పెద్ద అలలు. తొమ్మిది నలభైకి బైనాక్యులర్స్‌లో సూరన్న పడవ కనిపించింది. అర మైలు దూరం. అలల చాటున మనుషులు నడుం పైకే కనబడుతున్నారు. సూరన్న తెడ్డు నిలువునా ఎత్తాడు. దాని కొసన ఎర్ర గుడ్డ.

మా నాన్నలా చేసి నన్ను ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. నవ్వుకుంటూ మెడలోని తెల్ల తువ్వాలు తీసి ఊపాను.

"టవర్, రిపోర్ట్," అన్నాడు రేడియో ఆపరేటర్.

"సబ్ ఠీక్, ఓవర్."

లాగ్‌బుక్‌లోనూ అదే రాశాను, అంతా బాగుందని. పదింటికి దిగి టీ తాగాను.

తెడ్డుకు గుడ్డ కట్టి ఎత్తితే పడవ మునుగుతోందని అర్థం. ఆ ఊళ్లో పసిపిల్లలకూ తెలుసు. నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

సాయంత్రం వేరే పడవవాళ్లు సూరన్న తమ్ముణ్ని నీళ్లలోంచి తీసుకొచ్చారు.

"సిపాయి తువ్వాలు ఊపేడు," అన్నాడతను వణుకుతూ. "సూసేడు, లాంచీ వస్తాది, పడవ వొదలకు అన్నాడు అన్న. గంట సూసి నాను ఈదేసేను. అన్న పడవ పట్టుకునే ఉండిపోనాడు."

సూరన్న దొరకలేదు.

మా హవల్దార్‌కు నిజం చెప్పాను. ఆయన లాగ్‌బుక్ తెరిచి చూశాడు.

"సబ్ ఠీక్ అని రాశావు. ఇప్పుడు మారిస్తే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. నోరు మూసుకో."

మూసుకున్నాను. పై అధికారి మాటని కాదు. నాకూ అదే కావాలి.

నెల తర్వాత నూకరత్నం అడిగింది. "ఆ పొద్దు టవర్ మీద ఎవులున్నారో తెలుసునా తమ్ముడూ?"

"తెలీదక్కా."

"తెలిస్తే సెప్పు. తిట్టను. మావోడు ఆకర్న ఎలాగున్నాడో అడుగుతాను, అంతే."

మార్చిలో మా డ్యూటీ ముగిసింది. అక్క రేవు దాకా వచ్చి ఎండు చేపల మూట చేతిలో పెట్టింది, మా అమ్మకిమ్మని. తీసుకున్నాను. అంత సిగ్గుమాలిన పని మళ్లీ ఎప్పుడూ చేయలేదు.

ఓడలో విశాఖ, రైల్లో కొరాపుట్, అక్కణ్నుంచి బస్సు. లమ్తపుట్‌లో దిగేసరికి పొద్దు వాలుతోంది. ఎదుటి కొండ మీద నాన్న. సంత నుంచి వస్తూ బస్సును చూసినట్టున్నాడు. కర్రకు తువ్వాలు కట్టి ఎత్తాడు.

నా చెయ్యి లేవలేదు. నేను చూడలేదనుకుని నాన్న కర్రను ఇంకా పైకెత్తాడు. నేను టవర్ దిగిపోయాక సూరన్న కూడా తెడ్డును అలాగే ఇంకా పైకెత్తి ఉంటాడు.